మాత్ర జేబులో పెట్టుకుని రా

పెరంబూరు, చెన్నై

అబ్బాయా,

నీ రక్తంలో బీకే వైరస్ ఉందని రిపోర్టు వచ్చిందట, రాత్రి ఫోన్‌లో అక్క ఒకటే ఏడుపు. తానిచ్చిన కిడ్నీలోనే ఏదో దోషముందని దాని బెంగ. ముందు ఆ మాట మాన్పించు. ఈ వైరస్ చిన్నప్పుడే మనలో చాలామందికి సోకి, కిడ్నీల్లో చడీచప్పుడు లేకుండా పడి ఉంటుంది. ఒకవేళ అక్క కిడ్నీతోనే వచ్చిందనుకో, అది దాని తప్పా? 1971లో లండన్‌లో కిడ్నీ మార్పిడి జరిగిన ఒక రోగి మూత్రంలో దీన్ని మొదట చూశారు. బీకే అంటే ఆయన పేరులోని పొడి అక్షరాలే. కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా మనం మింగే టాక్రోలిమస్, మైకోఫెనొలేట్ ఒంటి కాపలాను జోకొడతాయి గదా, అదను చూసి ఇది లేస్తుంది.

నాకు కిడ్నీ మార్చిన అయిదో నెలలో వచ్చింది. జ్వరం లేదు, నొప్పి లేదు, మూత్రం ధారాళంగా వస్తోంది. ఇంకా రక్తంలో వైరస్‌ను లెక్కపెట్టే ఈ ఖరీదైన పీసీఆర్ పరీక్ష ఎందుకని ఒక నెల ఎగ్గొట్టాను. కిడ్నీ పని మందగిస్తే రక్తంలో పెరిగే క్రియాటినిన్ 1.2 నుంచి 1.7కు పోయాక గానీ బుద్ధి రాలేదు. అప్పుడు కూడా అది వైరస్ పనో, ఒళ్లు కిడ్నీని తిప్పికొడుతోందో కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి చూసే బయాప్సీ చేసేదాకా తేలలేదు. ఒళ్లు తిప్పికొడుతుంటే మందు పెంచాలి, వైరస్ అయితే తగ్గించాలి. అందుకే చెప్తున్నా, వైరస్ అన్నారు గదా అని నీ అంతట నువ్వు ఒక్క మాత్ర కూడా మానొద్దు. దీన్ని చంపేందుకు నమ్మకమైన మందు ఇంకా లేదు. డాక్టరు మోతాదు కొలిచి తగ్గిస్తాడు, మళ్లీ పరీక్ష చేయిస్తాడు, చూస్తాడు. నాకు మైకోఫెనొలేట్ సగం చేశారు. వైరస్ పోవడానికి నెలలు పట్టింది. క్రియాటినిన్ 1.5 దగ్గర నిలిచింది, వెనక్కి రాలేదు. ఆ ఎగ్గొట్టిన నెల ఖరీదు అది.

రిపోర్టులో వైరస్ లెక్క అంకెలు చూసి హడలిపోకు, సున్నాలు లెక్కపెట్టు. 40 వేలు 30 వేలయితే పెద్ద తేడా కాదు, 4 వేలయితే తగ్గినట్టు. ల్యాబు మాత్రం మార్చొద్దు, ఒక్కో చోట ఒక్కో లెక్క వస్తుంది. పంపరపనస జోలికి పోకు, టాక్రోలిమస్‌ను రక్తంలో పెంచేస్తుంది.

ఇంకోటి. ఆ రోజుల్లో నేనూ నెల్లూరు నుంచే తెల్లారి రైలుకు వచ్చేవాణ్ణి. ఒకసారి సూళ్లూరుపేట దాటాక ఇడ్లీ తిని, అలవాటు కొద్దీ టాక్రోలిమస్ మాత్ర వేసేసుకున్నా. రక్తంలో మందు లెవెల్ ఎక్కువొచ్చింది. డాక్టరు మోతాదు కోయబోతూ, "పొద్దున మాత్ర ఎప్పుడు వేసుకున్నావు?" అని అడగబట్టి బతికిపోయాను. రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు, పొద్దుటి మాత్రకు ముందే రక్తం ఇవ్వాలి.

అందుకని ఈసారి ముందు రోజు సాయంత్రమే మా ఇంటికి వచ్చెయ్. మీ అత్త ఉప్పు తగ్గించి వండుతుంది, కాస్త చప్పగానే ఉంటుందిలే. రాత్రి తొమ్మిదికి మాత్ర వేసుకుని పడుకో. పొద్దున ల్యాబుకు నేనే తీసుకెళ్తా. అక్కను కూడా వెంటబెట్టుకుని రా.

మీ మామయ్య