చైనీస్ కథలు చదివితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఏ ఇంగ్లిష్ లిటరేచర్ ఆఖరి సంవత్సరం. బీఈడీ చేయమంటే వినదు. కంపారెటివ్ లిటరేచర్ (తులనాత్మక సాహిత్యం)లో ఎంఏ, ఆ తర్వాత 'సైనోఫోన్ స్టడీస్'లో పీహెచ్‌డీ చేస్తానంటోంది. ఈ పేరే మేం వినలేదు. ఒప్పుకోమంటారా? - ఒక తండ్రి, విజయనగరం

జవాబు: వినకపోవడంలో వింతేం లేదు, కొత్త శాఖే. తైవాన్, మలేషియా, సింగపూర్, హాంకాంగ్ లాంటి చోట్ల చైనీస్‌లో వచ్చే రచనలను, చైనాకు తోకలా కాకుండా, వాటి సొంత నేల మీద నిలబెట్టి చదవడం ఇది. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆచార్యురాలైన షూ-మెయ్ షీ 2007లో తెచ్చిన పుస్తకంతో ఈ మాట బాగా వ్యాపించింది.

అయితే మీ ఉత్తరంలో అసలు సంగతి లేదు. అమ్మాయికి చైనీస్ ఎంత వచ్చు? సబ్‌టైటిల్స్‌తో సీరియళ్లు చూడటం లెక్కలోకి రాదు. 'పుస్తకం' అనే అర్థమిచ్చే ఒక్క చైనీస్ అక్షరమే చూడండి. చైనా, సింగపూర్‌లలో నాలుగు గీతలతో రాస్తారు. తైవాన్, హాంకాంగ్‌లలో పది గీతలు. ఈ రంగంలోకి దిగితే రెండు లిపులూ చదవాలి. నవల చేతిలోకి తీసుకుని హాయిగా చదవడానికి ఏళ్లు పడుతుంది.

ఎంఏకి దూరం వెళ్లక్కర్లేదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో కంపారెటివ్ లిటరేచర్ సెంటర్ ఉంది, ప్రవేశం సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్షతో. తర్వాత యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధకులకిచ్చే ఫెలోషిప్) వస్తే, మన దేశంలో పీహెచ్‌డీకి మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు. లేదంటే పీహెచ్‌డీకి తైవాన్, సింగపూర్, అమెరికా చూసుకోవచ్చు. ఫీజు మినహాయింపు, స్టైపెండ్ రెండూ ఇచ్చే చోటికే వెళ్లాలి. దీనికోసం అప్పు మాత్రం చేయకండి. మన దేశంలో ఈ పేరుతో అధ్యాపక పోస్టులు దాదాపు లేవు. చైనీస్ బోధన, అనువాదం, దుబాసీ పని... కడుపు నింపేవి ఇవే.

ఒక మాట చెప్పాలి. మలేషియా రబ్బరు తోటల మీద చైనీస్‌లో కథలున్నాయి. అవే తోటలకు ఒకప్పుడు మీ ఉత్తరాంధ్ర నుంచీ కూలీలు ఓడలెక్కారు. ఆ రెండు జాతుల బతుకును చైనీస్, తెలుగు రెండూ చదివి పోల్చగలవాళ్లు ఎంతమంది ఉంటారు? టెన్షన్ పడుతున్న తండ్రికి ఇది ఉద్యోగంలా కనిపించదు, తెలుసు. కానీ పీహెచ్‌డీ సీటు ఇచ్చేవాళ్లు వెతికేది ఇలాంటి టాపిక్ కోసమే.

బీఈడీ మాట ఈ ఏడాదికి పక్కన పెట్టండి. పరీక్షలయ్యాక రోజూ రెండు గంటలు చైనీస్ నేర్చుకోనివ్వండి. ఆరు నెలల తర్వాత చిన్న పిల్లల కథ ఒకటి డిక్షనరీ పెట్టుకుని చదివి, మీకు తెలుగులో చెప్పమనండి. మూడో వారానికే పుస్తకం మూలన పడితే బీఈడీ గురించి మళ్లీ కూర్చుని మాట్లాడుకోవచ్చు.