యువ రచయితకు లేఖ: ఇంట్లోవాళ్లతో ముంబైలో ఒక సాయంత్రం

తమ్ముడూ,

నీ ముంబై వ్యాసం చదివా. భాష హాయిగా ఉంది, వివరాల్లో కూడా తప్పుల్లేవు, సీఎస్‌ఎంటీ (ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్) స్టేషన్ 1887లో పూర్తయిందనీ 2004లో యునెస్కో జాబితాకెక్కిందనీ రాశావు, కరెక్టే. కానీ మొన్న ఫోన్లో నువ్వు చెప్పిన ముంబై ఇందులో లేదు. ఫోన్లో అమ్మ ఉంది, నాన్నగారున్నారు, మీ అక్క కూతురుంది, మోకాళ్ల నొప్పులున్నాయి, మధ్యలో ఆకలి గోల ఉంది. రాసేటప్పటికి వాళ్లందర్నీ లాడ్జిలో దింపేసి నువ్వొక్కడివే తిరిగొచ్చినట్టు రాశావు, ఎందుకలా?

నాకు అర్థమైందేంటంటే, ఫ్యామిలీతో వెళ్తే ఊరు సరిగ్గా చూడలేం అని ఒక నమ్మకం చాలామందిలో ఉంది, రాసేవాడైతే ఒంటరిగా తిరగాలి అని కూడా. నేనిది అస్సలు ఒప్పుకోను. ఒక్కడివే ఐతే నీకు నచ్చిన చోట ఆగుతావు, అంటే ముందే చదువుకుని వెళ్లినవే చూసొస్తావు. అమ్మకి కాళ్లు లాగి ఆగిపోయిన చోటు నువ్వు ఎంచుకున్నది కాదు కదా, అందుకే అక్కడ కళ్లబడేవి నీకు ఇంకెలాగూ దొరకవు.

మీరు నడిచిన దారే చూడు. స్టేషన్ ముందు నుంచి డి.ఎన్. రోడ్డు, ఫ్లోరా ఫౌంటెన్, అక్కడ కుడికి తిరిగి చర్చ్‌గేట్, అట్నుంచి మెరైన్ డ్రైవ్. మొత్తం రెండు కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూ. ఒక్కడివే ఐతే అరగంటలో అవతల పడేవాడివి. మీకు రెండున్నర గంటలు పట్టిందన్నావు. ఆ ఎక్కువ పట్టిన రెండు గంటలే రాయి నాకు.

స్టేషన్ గేటు స్తంభాల మీద ఒకదానిపై సింహం, ఒకదానిపై పులి ఉంటాయనీ, సింహం బ్రిటన్‌కి పులి మన దేశానికి గుర్తనీ రాశావు, బాగుంది. కానీ పాప ఆ పులిని చూసి అంత పైకి ఎవరెక్కించారు తాతా అనడిగిందనీ, నాన్నగారు "మనలాంటోళ్లే మోసుంటార్లేమ్మా" అన్నారనీ ఫోన్లో చెప్పావే, అదేది? ఆ మాట పక్కనే కామాఠీల గురించి ఒక్క వాక్యం పెట్టు, నిజాం ఇలాకా నుంచి బొంబాయికి వలసెళ్లి కట్టుబడి పనుల్లో చెమటోడ్చిన మన తెలుగు కూలీల గురించి. ఈ స్టేషన్ రాళ్లు వాళ్లే మోశారని మాత్రం ఆధారం చేతిలో లేకుండా రాయకు. నాన్నగారి మాట పక్కన ఉంటే ఆ వివరం అతికించినట్టుండదు, విడిగా పేరా పెట్టావనుకో పాఠం ఐపోతుంది.

ఓవల్ మైదానం పేరా కుదించేసెయ్. ఒకవైపు హైకోర్టు, యూనివర్సిటీ గోతిక్ భవనాలు, ఇంకోవైపు ఆర్ట్ డెకో బిల్డింగులు, 2018లో వాటికీ యునెస్కో గుర్తింపు, ఇది రెండు లైన్లు చాలు, మీవాళ్లెవరూ అక్కడ ఆగలేదు కాబట్టి.

చర్చ్‌గేట్ స్టేషన్ దగ్గర మాత్రం తొందరపడకు. ఆఫీసులు విడిచే టైం, ఫోర్ట్ ఏరియా ఆఫీసుల జనమంతా లోకల్ ట్రైన్ కోసం మీ వెనకే వస్తున్నారు, స్టేషన్ దాకా మిమ్మల్ని తోసుకుంటూ వచ్చిన జనం స్టేషన్ దాటగానే ఎదురు రావడం మొదలైంది, ఎందుకంటే నారిమన్ పాయింట్ ఆఫీసులవాళ్లు కూడా ఇదే స్టేషన్‌కి రావాలి మరి, ఆ ఎదురు జనంలో అమ్మ ఒక చేత్తో పాపని, ఇంకో చేత్తో హ్యాండ్‌బ్యాగు జిప్పుని గట్టిగా పట్టుకుని నడిచింది. ఆ జిప్పు పట్టుకున్న చెయ్యి నాకు ఫోన్లోనే కనిపించింది. ముంబై రద్దీ గురించి నువ్వు రాసిన సగం పేజీ తీసేసి ఆ చెయ్యి పెట్టు.

ఇక మెరైన్ డ్రైవ్. రాత్రి దీపాల వరుసని నెక్లెస్ అని ప్రతివాళ్లూ అన్నారు, నువ్వు అనకు. మీది భీమిలి. అమ్మ పుట్టినప్పట్నుంచీ సముద్రం చూస్తోంది, కానీ ఎప్పుడూ తెల్లారగట్ల సూర్యుణ్ణే. సంక్రాంతి సెలవుల్లో ఆ మెరైన్ డ్రైవ్ గట్టు మీద చెప్పులు విడిచి, కింద ఆ నాలుగు కాళ్ల కాంక్రీటు దిమ్మల మీద నీళ్లు కొడుతుంటే చూస్తూ కూర్చుని "మనకి సముద్రంలోంచి లేస్తాడు గదరా, వీళ్లకి సముద్రంలోకే దిగిపోతున్నాడు" అంది. ఇది ఉన్నదున్నట్టు రాయి, కింద వ్యాఖ్యానం ఒక్క ముక్క వద్దు. తూర్పు తీరం, పడమటి తీరం అని వివరించబోకు, చదివేవాళ్లకి తెలుసు.

ఇంకోటి, మోకాళ్ల సంగతి రాసేముందు అమ్మని అడుగు. వద్దంటే తీసెయ్, ఆవిడ నడక మెల్లగా ఉందని చెప్తే సరిపోతుంది. ఎక్కడెక్కడ కూర్చున్నారో, ఏం తిన్నారో కూడా నీ ఫోన్లో ఫోటోలు చూసి కాదు, ఆవిడ్నే అడిగి రాసుకో, ఆవిడకి గుర్తున్నవి వేరే ఉంటాయి.

తిరగరాసి పంపు. వచ్చే వారం నేను ఊళ్లో ఉండను, ఆ తర్వాతైతే నింపాదిగా కూర్చుని చదువుతా.

మీ అన్నయ్య