పాఠకుల ప్రశ్నలు: కాంగో పాటలో గిటార్లు

ప్రశ్న: మా వీధిలో అద్దెకుంటున్న కాంగో విద్యార్థులు సాయంత్రాలు పెట్టుకునే పాటలు నాకు ఎంతో నచ్చుతున్నాయి. నిదానంగా మొదలైన పాట సగం దాటాక వేగం అందుకుంటుంది. అక్కడి నుంచి గాత్రం తగ్గి, గిటార్లే వినిపిస్తాయి. అది ఒకే పాటా, రెండింటిని కలిపారా? అన్ని గిటార్లలో అసలుది ఏది?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అది ఒకే పాట. ఈ సంగీతాన్ని ‘కాంగో రుంబా’ అంటారు. మీరు చెప్పిన రెండో భాగాన్ని అక్కడి సంగీతకారులు ‘సెబెన్’ అంటారు. మొదటి భాగంలో లింగాలా భాషలో ప్రేమో, విరహమో, లోకం పోకడో చెప్పుకొస్తారు. సెబెన్ మొదలయ్యాక ఆ సభంతా నాట్యానిదే. 1948లో వెండో కోలోసోయ్ పాడిన ‘మరీ లూయీజ్’ రికార్డులో గిటార్ వాయించిన ఆన్రీ బొవానేనే ఈ పద్ధతికి ఆద్యుడని చాలామంది చెబుతారు.

ఇక అసలు గిటార్ విషయానికొస్తే, అలాంటిది ఒకటంటూ ఉండదనే నా అభిప్రాయం. రిథమ్ గిటార్ ఒక చిన్న వరుసను విడవకుండా తిప్పుతూ ఉంటుంది, లీడ్ గిటార్ పై స్వరాలలో పల్లవిలాంటి ముక్కను పట్టుకుని దాన్నే కొద్దికొద్దిగా మారుస్తూ పోతుంది, ఈ రెండింటి నడుమ ఖాళీలలో ‘మి-సోలో’ అనే మూడో గిటార్ సంచరిస్తుంది. మన బుర్రకథలో వంతలు లేకపోతే కథకుడి మాట ఎలా నడవదో, ఇక్కడ రిథమ్ గిటార్ ఆగిపోతే లీడ్ వాయించేవాడి ప్రతిభ అలా నిలువ నీడ లేకుండా పోతుంది.

ఈ సంగీతం పుట్టుక కూడా ఆసక్తికరమైనదే. 1930లలో హెచ్.ఎం.వి. సంస్థ ‘జీ.వీ.’ వరుసలో విడుదల చేసిన క్యూబా రికార్డులు ఆఫ్రికా రేవు పట్టణాలకు చేరాయి. ఒకనాడు బానిసలుగా సముద్రం దాటినవారి లయలే వాటిలో ఉండడంతో కాంగో యువకులకు ఆ సంగీతం పరాయిదిగా తోచలేదు. క్యూబాలో పియానో, ట్రంపెట్ వాయించే వరుసలను వారు గిటార్ తీగల మీదికి తెచ్చుకున్నారు. జోసెఫ్ కబాసెలే 1953లో స్థాపించిన ‘ఆఫ్రికన్ జాజ్’ బృందంలో ‘డాక్టర్’ నికో కసాండా లీడ్ వాయించగా, ఆయన అన్న డెషో మ్వాంబా రిథమ్ వాయించేవారు. 1960లో కాంగో స్వాతంత్ర్య చర్చల సందర్భంగా బ్రస్సెల్స్‌లో ఈ బృందం వినిపించిన ‘ఆందెపాందాంస్ చాచా’ ఆఫ్రికా అంతటా మారుమోగింది. నికో వాయింపులో ప్రతి స్వరమూ కడిగిన ముత్యంలా విడివిడిగా వినిపిస్తుంది.

మరో గిటారిస్టు ఫ్రాంకో లువాంబో మకియాడి దారి పూర్తిగా వేరు. 1938లో పుట్టిన ఫ్రాంకో బాల్యంలో, బజారులో తినుబండారాలు అమ్ముకునే తల్లి దగ్గర నిలబడి, సొంతంగా చేసుకున్న గిటార్ వాయిస్తూ కొనేవారిని రప్పించేవాడు. 1956లో మిత్రులతో కలిసి ‘ఓకే జాజ్’ బృందాన్ని మొదలుపెట్టాడు. తరువాతి కాలంలో ఇరవైమందికి పైగా కళాకారులతో అదే ‘టీపీ ఓకే జాజ్’గా పేరొందింది. ఫ్రాంకో బొటనవేలు, చూపుడువేలుతో రెండు తీగలను కలిపి మీటుతూ, లోహపు మెరుపున్న గరుకు నాదంతో ఒకే ముక్కను నిమిషాల తరబడి తిప్పుతాడు. అది మొదట సాదాగా అనిపించినా, మూడోసారి వినేసరికి కాలు తనంతట తానే కదులుతుంది. వయసు మీరిన స్త్రీ సంపాదన మీద బతికే యువకుడి కథ చెప్పే ‘మారియో’ (1985) వింటే, నీతి చెబుతూనే ఆడించగల ఆయన సామర్థ్యం తెలుస్తుంది. 1989లో ఆయన మరణించినప్పుడు దేశం నాలుగు రోజులు సంతాపం పాటించింది. నా మటుకు ఈ సంగీతంలో ఫ్రాంకోను మించినవాడు లేడు.

ప్రశ్న: నేను గిటార్ నేర్చుకుంటున్నాను. ఈ శైలిని ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి? వేగంగా సాగే ‘సుకూస్’ కూడా ఇదేనా?
– ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: ‘సుకూస్’ ఈ కుటుంబానిదే. 1979లో పారిస్ చేరిన గాయకుడు కాండా బోంగో మాన్ వంటివారు 1980లలో నిదానపు భాగాన్ని బాగా కుదించి, ఆరంభంలోనే సెబెన్ అందించారు. ఆయన రికార్డుల్లో గిటారిస్టు డిబ్లో డిబాలా వేళ్ల వేగం ఆశ్చర్యపరుస్తుంది. అంతకు ముందే, 1969లో కిన్షాసాలో పుట్టిన ‘జైకో లంగా లంగా’ యువకులు బాకా వాద్యాలను పక్కన పెట్టి గిటార్లకూ డ్రమ్స్‌కూ పెద్దపీట వేశారు. అయితే మీరు డిబ్లోతో మొదలుపెట్టవద్దు. ముందు ఒక ఓకే జాజ్ పాట తీసుకుని, లీడ్‌ను వదిలేసి రిథమ్ గిటార్‌ను మాత్రమే చెవితో పట్టుకోండి. సెబెన్‌లో తరచుగా రెండు మూడు కార్డులే (కలిపి మీటే స్వరాల గుంపులే) తిరుగుతుంటాయి కాబట్టి ఎడమచేతికి కష్టం తక్కువ, కష్టమంతా కుడిచేతి నిలకడలోనే ఉంది. పది నిమిషాలు లయ జారకుండా వాయించగలిగాక, తోడుగా మరొకరిని లీడ్‌కు కూర్చోబెట్టుకోండి. ఒంటరి సాధనతో ఈ శైలి పట్టుబడదు.

కాంగో రుంబాను రెండు కాంగో దేశాలూ కలిసి కోరగా, యునెస్కో 2021లో మానవాళి అవ్యక్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. కనుక కాంగో నదికి కిన్షాసా ఆవలి ఒడ్డున, రెండో కాంగో దేశంలోని బ్రాజావిల్‌లో 1959లో మొదలైన ‘లే బాంటూ ద లా కాపితాల్’ బృందాన్ని కూడా తప్పక వినండి.