గాలం వేసే ముందు చేప నోరు చూడు

నాయనా,

కొత్తగా గాలపు కర్ర కొన్నావంట. సంక్రాంతి సెలవులకు ఊరికొచ్చి మన చెరువులో కార్పు చేపలు పట్టాలని ఉందని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. ఈసారి వానలకు మొరవ పారింది, నీళ్లు నిండుగా ఉన్నాయి. నువ్వు వచ్చేలోగా ఇది నిదానంగా చదువు.

ముందు తిరుపతిలో ఏదైనా చేపల అంగడికి పోయి కార్పు జాతి చేపలైన కట్ల, రోహు, మృగాల, బంగారు తీగ నోళ్లు చూసి రా. కోస్తావాళ్లు బొచ్చె అనేది మన కట్లనే. దాని నోరు పైకి తిరిగి ఉంటుంది. నీళ్ల పైభాగంలో తేలే కంటికానని జీవాలే దాని మేత. రోహు పెదవి అంచు కుచ్చు మాదిరి ఉంటుంది, అది నడి నీళ్లలో తిరుగుతుంది. మృగాల నోరు కిందికి ఉంటుంది, అడుగున మేస్తుంది. బంగారు తీగ నోరు గొట్టం మాదిరి ముందుకు సాగుతుంది. మూతి దగ్గర రెండు జతల మీసాలతో బురద తడిమి, పీల్చి, తినేది ఉంచుకుని మిగతాది ఉమ్మేస్తుంది. ఎర ఎంత లోతున ఉండాలో ఆ నోరే చెబుతుంది. కొత్తవాళ్లు అన్నిటికీ ఒకే లోతున ఎర వదిలి, చెరువులో చేపల్లేవని తిట్టుకుంటూ పోతారు.

నువ్వు బంగారు తీగతో మొదలుపెట్టు. అది పిండీ తింటుంది, వానపామూ తింటుంది. కట్ల జోలికి ఇప్పుడే పోవద్దు, దానికి ఓపిక జాస్తి కావాలి.

అడుగు లోతు తెలుసుకోవడానికి కొక్కేనికి చిన్న సీసపు గుండు తగిలించి వదులు. దారానికి కట్టిన తేలే బెండు మునిగిపోతే దాన్ని దారం మీద పైకి జరుపు, పక్కకు పడుకుంటే కిందికి జరుపు. నిటారుగా నిలబడిన చోట లోతు సరిపోయినట్టు. గుండు తీసేసి ఎర గుచ్చు, అది నేలను తాకీ తాకనట్టు ఉంటుంది. కొక్కెం నంబరు పెరిగే కొద్దీ సైజు తగ్గుతుంది, మరిచిపోవద్దు. కిలో, రెండు కిలోల చేపకు 6 లేదా 8 నంబరు చాలు. దారం 0.30 మిల్లీమీటర్లది తీసుకో.

అన్నిటికన్నా మేత ముఖ్యం. తవుడు, చెనక్కాయల చెక్క పొడి సమంగా కలిపి, పిడికిలి బిగిస్తే నిలిచేంత తడి చెయ్. నిమ్మకాయంత ముద్దలు నాలుగైదు ఒకే చోట వేసి, అరగంట దూరంగా కూర్చో. కార్పు చేపలకు మనకున్నట్టు కడుపు సంచి ఉండదు, అందుకే కొంచెం కొంచెంగా రోజంతా మేస్తూనే ఉంటాయి. ఒక్కసారే బుట్టెడు పోస్తే నీ ఎరను వెతుక్కునే అవసరం వాటికుండదు. కొక్కేనికి గట్టిగా గెలికిన రాగి సంగటిలో వేయించిన పప్పుల పొడి పిసికి పెట్టు. జిలేబీ చేపలు (తిలాపియా) వచ్చి పిండి కొరికేస్తుంటే ఉడికించిన మొక్కజొన్న గింజ గుచ్చు, అది అంత తొందరగా ఊడదు.

కట్ట మీద కాళ్లు ఈడుస్తూ నడవొద్దు. కార్పుల గాలి తిత్తికీ చెవికీ నడుమ చిన్న ఎముకల వరస ఉంటుంది, మనం నేల మీద వేసే అడుగు కూడా వాటికి తెలిసిపోతుంది.

వేళ సంగతి. చలిలో రోహు, కట్ల మేత తగ్గిస్తాయి. పండగ రోజుల్లో తెల్లారుజామున లేచి వణకనక్కర్లేదు, ఎండ తగిలి నీళ్లు కాస్త వెచ్చబడ్డాక పో. ఎండాకాలంలో పొద్దు పొడవక ముందు చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుచుకుని ఉంటే, ఆకలితో వచ్చాయని గాలం వేస్తారు చాలామంది. అది ఆకలి కాదు, ఊపిరి ఆడక. రాత్రంతా నీటి మొక్కలు, నాచు కూడా గాలి పీల్చుకుంటాయి కాబట్టి ఆ వేళకు నీళ్లలో ప్రాణవాయువు బాగా తగ్గిపోతుంది. అప్పుడు అవి ఎర ముట్టవు. వాటిని బాధపెట్టకుండా వచ్చెయ్.

మేత వేసిన చోట సన్నటి బుడగలు గుంపుగా లేస్తే బంగారు తీగ బురద తవ్వుతోందని అర్థం. బెండు అదిరినప్పుడల్లా లాగొద్దు. అది పైకి లేచి పడుకున్నా, పక్కకు సాగి మునిగినా మణికట్టు తిప్పి ఒక్క గుంజు గుంజు, చాలు. పెదవి మెత్తన, గట్టిగా లాగితే చీలిపోతుంది. పెద్దది పడితే రీలు బిగువు కొంచెం వదిలి, కర్ర ఎత్తి పట్టుకుని, పరిగెత్తినంత పరిగెత్తనీ. అలిసి పక్కకు ఒరిగాక చేతి వల కిందికి పెట్టి ఎత్తు, దారం పట్టి లాగొద్దు. బంగారు తీగ వీపు రెక్క ముందు రంపం పళ్ల ముల్లు ఉంటుంది, వేలు కోస్తుంది. చెయ్యి తడి చేసుకుని పట్టుకో. పొట్టి చేపైతే ఒంటి మీది జిగురు పోకుండా నీళ్లలోకే వదిలెయ్.

ఇంకో మాట. కట్ల, రోహు, మృగాల మన చెరువు నీళ్లలో గుడ్లు పెట్టవు, వాటికి పారే నీళ్లు కావాలి. 1957లో చేపల శాస్త్రవేత్త హీరాలాల్ చౌదరి గారు ఒడిశాలో మందు సూదితో కార్పులకు గుడ్లు పెట్టించాకే చెరువులకు చేపపిల్లల కేంద్రాల్లో పుట్టిన పిల్లలు దొరికే దారి పడింది. అంటే మన చెరువులో ఉన్న ప్రతి రోహూ ఎవరో డబ్బు పెట్టి వదిలిన పిల్లే. చెరువును వేలం పాటలో పాడుకున్న చేపల సంఘంవాళ్లను అడక్కుండా గాలం వేస్తే వాళ్ల కష్టం తిన్నట్టే. కోనేళ్లలో చేపలను తాకనే వద్దు.

తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్ట దగ్గరికి స్నేహితులతో పోవాలనుందని కూడా విన్నాను. 2021 నవంబరు వానలకు ఆ కట్టకు గండి పడుతుందేమోనని కింది పల్లెలను ఖాళీ చేయించిన సంగతి నీకు తెలుసు. వాన పడే రోజుల్లో ఏ కట్ట మీదా కూర్చోవద్దు, తూము దగ్గరికి అసలే పోవద్దు. మన చెరువులో మట్టి తవ్విన గుంతలు నీళ్ల కింద కనపడవు. మోకాలి లోతు ఉందని దిగితే రెండో అడుగుకు మనిషి మునుగుతాడు. కరెంటు తీగల కింద కర్ర ఎత్తొద్దు.

సంఘం పెద్దతో నేను మాట్లాడి పెడతాను. కనుమ మరునాడు పోదాం. కొక్కేలు, దారం నువ్వు తీసుకురా, తవుడూ చెక్కా ఇక్కడ ఉన్నాయి.

మీ పెదనాయన