నినాదం రాయకుండా బొమ్మలో నిరసన తెలపడం సాధ్యమేనా?

రోజువారీ జీవితాన్ని మాత్రమే గీస్తూ రాజకీయ నిరసన తెలపడం సాధ్యమేనా, లేక నినాదమో జెండానో లేకపోతే అది చూసేవారికి అందదా అని మీరు అడిగారు. సాధ్యమే. చాలా ఏళ్లుగా తైలవర్ణాలతో పనిచేస్తున్న నాకు ఈ సంగతి నేను పాడుచేసుకున్న ఒక బొమ్మ వల్ల బోధపడింది.

ఒక కార్యాలయంలో మూసి ఉన్న కిటికీ ముందు గంటల తరబడి నిలబడిన మనుషులను ఐదడుగుల కాన్వాసు మీద గీస్తూ, వారి వెనుక గోడ మీద ఎర్రటి అక్షరాలతో ఒక నినాదం రాశాను. బొమ్మ చూడడానికి వచ్చినవారంతా ముందు అక్షరాలే చదివేవారు. ఒప్పుకునేవారు తల ఊపేవారు, ఒప్పుకోనివారు ముఖం తిప్పుకునేవారు, ఎవరూ ఆ మనుషుల వైపు చూసేవారు కాదు. గోడకు తెల్లరంగు పూసేసి, వరుసలో రెండవ స్త్రీ చేతిలోని కాగితాల మీద పని మొదలుపెట్టాను. ఎన్నోసార్లు విప్పి మడిచిన కాగితం మడత దగ్గర గుడ్డలా మెత్తబడి నలుపెక్కుతుంది, అంచు నూలుపోగుల్లా రేగుతుంది. ఆ ఒక్క మడతకే తొమ్మిది రోజులు పట్టింది. ఆమె ఎన్నిసార్లు ఆ కిటికీ దగ్గరకు వచ్చి తిరిగి వెళ్లిందో నేను ఎక్కడా రాయలేదు, రాయవలసిన అవసరం కూడా కలగలేదు.

ఆ తర్వాత ఒక సామూహిక ప్రదర్శనకు ఆ బొమ్మను పంపినప్పుడు, అంతకుముందు నినాదంతో సహా చూసి ఏ అభ్యంతరమూ చెప్పని నిర్వాహకులే, కిటికీని సగమైనా తెరిచినట్టు గీయగలరా అని అడిగారు. నేను ఒప్పుకోలేదు, బొమ్మను వెనక్కి తెచ్చుకున్నాను. నినాదాన్ని ఒక అభిప్రాయంగా భావించి పక్కన పెట్టగలిగినవారు మూసిన కిటికీని అలా పక్కన పెట్టలేకపోయారని నాకు అప్పుడు అర్థమైంది.

చిత్రకళా చరిత్రలో దీనికి బలమైన ఉదాహరణలున్నాయి. ఫ్రాన్సులో కూర్బే అనే చిత్రకారుడు 1849లో రోడ్డు పక్కన రాళ్లు కొట్టే ఇద్దరు మనుషులను రెండున్నర మీటర్ల వెడల్పు కాన్వాసు మీద గీశాడు. ఒకరి ముఖం టోపీ నీడలో ఉంటుంది, రెండవవాడు మనకు వీపు తిప్పి ఉంటాడు, పిడికిలి బిగించినవారెవరూ అందులో లేరు. అయినా అది దుమారం రేపింది, ఎందుకంటే అంతటి కొలత అప్పటిదాకా పురాణ ఘట్టాలకూ చారిత్రక వీరులకూ దక్కే గౌరవం. ఆ చిత్రం 1945లో యుద్ధంలో నాశనమైంది. ఇంకా ముందే, 1831లో రాజును సంపద మింగే భూతంగా గీసి జైలుకు వెళ్లిన ఫ్రెంచి వ్యంగ్యచిత్రకారుడు దోమియే, 1835లో రాజకీయ వ్యంగ్యచిత్రాలను చట్టం అణచివేశాక, న్యాయవాదులనూ అద్దె ఇళ్లవారినీ రైలు ప్రయాణికులనూ గీశాడు. దాన్ని వెనుకంజ అనేవారితో నేను ఏకీభవించను.

మన కాలానికి దగ్గరగా చూస్తే నన్ను ఎక్కువసేపు తన ముందు నిలబెట్టేది జర్మన్ చిత్రకారుడు గెర్హార్డ్ రిక్టర్ చిత్రమాల. పశ్చిమ జర్మనీలో ఒక సాయుధ వామపక్ష బృందం నాయకులు 1977 అక్టోబర్ 18న జైలులో మరణించిన ఘటనపై, ఆయన 1988లో ఫోటోల ఆధారంగా 15 బూడిదరంగు చిత్రాలు వేశాడు. వాటిలో ఒకదానిలో కనిపించేది ఒక రికార్డు ప్లేయర్ మాత్రమే. అది ఖైదీ గదిలోనిదనీ, తుపాకీ అందులోనే దాచాడని అధికారులు చెప్పారనీ తెలిశాక, ఏ ఇంట్లోనైనా ఉండదగిన ఆ వస్తువును మునుపటిలా చూడలేము. రంగు తడిగా ఉండగానే బ్రష్‌తో చెరిపినట్టున్న ఆ మసక, తీర్పు చెప్పడానికి చిత్రకారుడు నిరాకరించడమేనని నా అభిప్రాయం.

కాబట్టి ఏమి చెప్పాలన్నది పక్కన పెట్టి, ఎవరికి ఎంత చోటు ఇవ్వాలన్నది ముందు తేల్చుకోండి. మనుషులను కేవలం జాలిపడవలసినవారిగా గీయకండి. నా వరుసలో ఒకతను పక్కవారి మాటకు నవ్వుతున్నాడు, ఆ నవ్వు తీసేస్తే బొమ్మ అబద్ధమయ్యేది.

పనికి సంబంధించి ఒక్క జాగ్రత్త. రాసిన అక్షరాలను కప్పదలిస్తే, ముందు కత్తితో గీకి ఆ తర్వాతే పూత వేయండి. నేను గీకలేదు, కాలం గడిచేకొద్దీ తైలవర్ణం పారదర్శకమవుతుంది గనుక, నా గోడ మీద తెలుపు కింద నుంచి ఇప్పుడు లేత ఎరుపు పైకి తేలుతోంది.