ఎంప్రెస్ ఓడ పాతదే, కానీ చేసే పనికి సరిపోయిన ఓడ

మీ ప్రశ్న: "కార్డేలియా క్రూయిజ్ కంపెనీ వాళ్ల ఎంప్రెస్ 1990 నాటి ఓడట కదా, వయసైన అమ్మానాన్నల్ని ఎక్కించొచ్చా? పెద్ద క్రూయిజ్ ఓడల్లా ఉంటుందా?"

2022 జూన్‌లో ఆ ఓడ వైజాగ్ వచ్చినప్పుడు నేను మా అమ్మానాన్నలతోనే ఎక్కాను. నాన్న హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లో వెల్డర్‌గా చేసి రిటైరయ్యారు. ఓడలు కట్టిన మనిషే గానీ, టికెట్ కొని ఓడెక్కడం ఆయనకి అదే మొదటిసారి. అందరూ గాజు లిఫ్టుల ముందు సెల్ఫీలు తీసుకుంటుంటే ఆయన నేరుగా బయటి డెక్ మీదకెళ్లి రెయిలింగ్ తడిమి చూశారు. రంగు మీద రంగు పడీ పడీ బోల్టుల అంచులన్నీ గుండ్రంగా అయిపోయాయి. "ఏటిరా, ఎన్ని కోట్లు రంగేశారో దీనికి" అన్నారు. నేను డబ్బు లెక్క అనుకున్నా, ఆయన అన్నది రంగు పొరల గురించి. తర్వాత ప్లేట్ల అతుకు మీద అరచెయ్యి పెట్టి కాసేపు అలా రాస్తూ నిలబడ్డారు. "అతుకు బాగా కుదిరింది" అన్నారు. పరాయి వాళ్ల వెల్డింగ్‌ని నాన్న మెచ్చుకోగా నేను వినడం అదే.

ఆ అతుకు ఫ్రాన్స్‌లోని సాన్ నజేర్ యార్డుది. ఒకప్పటి నార్మండీ, తర్వాతి క్వీన్ మేరీ 2 లాంటి పేరున్న పెద్ద ఓడలు పుట్టింది కూడా అక్కడే. ఈ ఓడని అడ్మిరల్ క్రూయిజెస్ అనే కంపెనీ "ఫ్యూచర్ సీస్" అన్న పేరుతో ఆర్డర్ చేసింది. 1988లో ఆ కంపెనీ రాయల్ కరీబియన్ అనే పెద్ద క్రూయిజ్ కంపెనీలో కలిసిపోవడంతో, 1990లో ఇది "నోర్డిక్ ఎంప్రెస్" పేరుతో ప్రయాణాలు మొదలుపెట్టింది. మయామీలో నామకరణం చేసింది పాప్ గాయని గ్లోరియా ఎస్తెఫాన్.

అసలు విషయం ఇక్కడుంది. దీన్ని మొదటి నుంచీ మయామీ నుంచి బహామాస్‌కి మూడు నాలుగు రాత్రుల ట్రిప్పుల కోసమే డిజైన్ చేశారు. అప్పట్లో కంపెనీలు పొడవు ట్రిప్పులకి కొత్త ఓడలు, పొట్టి ట్రిప్పులకి అరిగిపోయిన పాత ఓడలు వేసేవి. పొట్టి ట్రిప్పుల కోసమే కొత్త ఓడ కట్టడం పెద్ద మార్పు. రెండు రోజులకొచ్చిన వాడు గదిలో కూర్చోడు, బయటే తిరుగుతాడు కదా. అందుకే గదులు చిన్నవి చేసి, చోటంతా హాళ్లకిచ్చారు. ఓడ మధ్యలో తొమ్మిది డెక్కుల ఎత్తు ఖాళీ, దాని చుట్టూ మెట్లు, గాజు లిఫ్టులు. మా గదిలో రెండు సూట్‌కేసులు విప్పితే నడవడానికి దారి లేదు, మూత వేసి మంచం కిందకి తోసేశాం. బయటికొస్తే మాత్రం ఇరుకనిపించదు.

తర్వాత పేర్లు చాలానే మారాయి. 2004లో "ఎంప్రెస్ ఆఫ్ ద సీస్". 2008లో స్పెయిన్ వాళ్ల క్రూయిజ్ కంపెనీ పుల్మాంటూర్‌కి వెళ్లి ఉత్త "ఎంప్రెస్" అయింది. 2016లో మళ్లీ పుట్టింటికి. 2017లో రాయల్ కరీబియన్ క్యూబాకి మొదటిసారి ఓడ పంపినప్పుడు పంపింది దీన్నే. ఇరుకైన హవానా రేవులోకి ఆ కంపెనీ పెద్ద ఓడలు పట్టవు మరి. 2019లో అమెరికా ప్రభుత్వం క్యూబాకి క్రూయిజ్‌లు ఆపేసింది, ఆ వెనకే కోవిడ్. చాలా ఓడలు ఆ దెబ్బకి తుక్కుకి పోయాయి. దీన్ని అమ్మేస్తే 2021లో ముంబై నుంచి కార్డేలియా పేరు మీద మొదలైంది. మనకి నడుపుతున్నవీ ఎక్కువగా పొట్టి ట్రిప్పులే కాబట్టి, పుట్టినప్పుడు అప్పజెప్పిన పనే ఇంకా చేస్తోంది.

"పెద్ద ఓడల్లా ఉంటుందా" అంటే, ఉండదు. ఇది 211 మీటర్ల పొడవు, సుమారు 48,500 టన్నులు (ఇది బరువు కాదు, లోపలి చోటుని కొలిచే లెక్క). 2024లో వచ్చిన రాయల్ కరీబియన్ వాళ్ల ఐకాన్ ఆఫ్ ద సీస్ అనే ఓడ 365 మీటర్లు, దాదాపు 2,48,600 టన్నులు. వాటర్ పార్కులు ఊహించుకుని వెళ్తే నిరాశపడతారు.

ఓడ వయసు గురించి టెన్షన్ పడకండి. అంతర్జాతీయ ప్రయాణాలు చేసే ప్రయాణికుల ఓడలకి ప్రతి ఏడాదీ సర్వే చేసి సర్టిఫికెట్ కొత్తగా ఇవ్వాలన్నది నియమం. సరుకు ఓడలకి సర్టిఫికెట్ ఇంత తరచు కొత్తగా ఇవ్వరని నాన్న చెబుతుంటారు.

టెన్షన్ పడాల్సింది సముద్రం గురించి. మేమెళ్లింది జూన్ కదా, డాల్ఫిన్స్ నోస్ లైట్‌హౌస్ వెనకబడే దాకా అమ్మ హుషారుగా ఫొటోలు తీయించుకుంది. ఆ తర్వాత మంచం దిగలేదు. డాక్టర్నడిగి అవోమిన్ లాంటి, ప్రయాణంలో వాంతులు రాకుండా వేసుకునే మాత్ర ముందే తీసుకెళ్లండి, ఎక్కాక వెతుక్కోకూడదు. గది కింది డెక్కుల్లో, ఓడ మధ్య భాగంలో అడగండి, అక్కడ ఊపు తక్కువ. కిటికీ కోసమని పై డెక్కులో ముందు వైపు గది తీసుకున్న మా పక్కింటి వాళ్లు రాత్రంతా మేలుకునే ఉన్నారు. ఇంకోటి, డెక్ మీదకెళ్లే ఇనప తలుపుల దగ్గర గడప ఎత్తుగా ఉంటుంది. మోకాళ్ల నొప్పులుంటే చెయ్యి పట్టుకుని దాటించండి.