చేపకి కోపం కాదండీ, గట్టు తగాదా

విజయనగరం నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. మూడడుగుల అక్వేరియం ట్యాంకులో సిక్లిడ్లనే కుటుంబం చేపలు ఆరు ఉన్నాయట: ఆస్కార్ ఒకటి, ప్యారెట్లు రెండు, పసుపు రంగు ఆఫ్రికన్ ఒకటి, చారల కన్విక్ట్‌లు రెండు. ఆరు నెలలు ఏ గొడవా లేదు. నాలుగు రోజుల నుంచి మూడంగుళాల కన్విక్ట్‌లు ఆరంగుళాల ఆస్కార్‌ని ఫిల్టరు వెనక్కి తరిమేసి కదలనివ్వడం లేదు. ప్యారెట్ల ఒంటి మీద నల్లమచ్చలొచ్చాయి. షాపులో జబ్బని చెప్పి నీలం మందు ఇచ్చారు. "వీటికి ఇంత కోపం ఎందుకొచ్చింది? మేత పెంచితే తగ్గుతుందా?"

మేత పెంచకండి. మందు ఇవాళే ఆపేయండి. జబ్బూ లేదు, పాడూ లేదు. మీ ట్యాంకులో పురుడు జరుగుతోంది.

నమ్మకం లేకపోతే టార్చి తీసుకెళ్లి చూడండి. కుండపెంకో, గుహ బొమ్మో, ఒరిగిన రాయో ఏదో ఒకటి ఉండే ఉంటుంది. కన్విక్ట్‌లలో చిన్నదానికి పొట్ట పక్కన నారింజ రంగు మెరుపు ఉంటే అది ఆడది. పెద్దది, రెక్కల చివర్లు సాగినది మగది. టార్చి పక్కవాటంగా వేసి పెంకు లోపలి గోడ చూడండి. ఆవగింజంత గుడ్లు వందో రెండొందలో అంటుకుని ఉంటాయి. ఆడది వాటి ముందు నిలబడి, విసనకర్ర ఆడించినట్టు రెక్కలతో నీళ్లు విసురుతుంటుంది. తెల్లబడిన గుడ్డు కనిపిస్తే నోటితో ఏరేస్తుంది, పక్కవాటికి బూజు పాకకుండా. గుడ్లు లేవంటే ఈపాటికి పొదిగి, గులకరాళ్లలో తవ్విన గుంటలో కుప్పగా తోకలాడిస్తూ ఉంటాయి.

ఇప్పుడు మగదాన్ని చూడండి. అది పెంకుకి అడుగు దూరంలో గస్తీ తిరుగుతుంటుంది. ఆస్కార్ ముక్కు ఫిల్టరు పైపు దాటి రెండంగుళాలు బయటికి రాగానే అది మీద పడదు. ముందు పక్కకి తిరిగి ఒళ్లు చూపిస్తుంది. రెక్కలన్నీ విప్పుతుంది, చారలు బొగ్గులా నల్లబడతాయి, ఉన్న సైజుకి ఒకటిన్నర రెట్లు కనిపిస్తుంది. తర్వాత తోకతో నీళ్లు కొడుతుంది. ఆ తోపు ఎదుటి చేప ఒంటి పక్కన నీటి కదలికని పసిగట్టే గీతకి తెలుస్తుంది. అప్పటికీ తగ్గకపోతే మొప్పల మూతలు విప్పి ఎదురొస్తుంది. కాటు ఆఖరిది. ఇన్ని మెట్లుంటే దాన్ని కోపమని ఎలా అంటాం? అడంగల్ కాగితం తెచ్చి చూపించి, పెద్దమనుషుల్ని పిలిచి, అప్పటికీ వినకపోతేనే కర్ర తీసే మనిషి లెక్క అది.

సిక్లిడ్లలో మనం 'కోపం' అనేదానిలో ఎక్కువ భాగం ఇలాంటి గట్టు తగాదాయే. ఇది మన ఊళ్లకి కొత్త కాదు కూడా. తిలాపియా కూడా సిక్లిడ్డే. వేసవిలో చెరువు ఇంకినప్పుడు అడుగున పళ్లేల్లా గుండ్రటి గుంటలు వరసగా కనిపిస్తాయి చూశారా? అవి మగ తిలాపియాలు తవ్వుకున్నవి. ఒక్కో గుంటకి ఒక్కో కాపలాదారు. ఆడది అక్కడికొచ్చి గుడ్లు పెట్టి, వాటిని నోట్లో వేసుకుని పోతుంది.

ఆరు నెలలు కలిసి ఉన్నాయి అంటున్నారు గానీ అది స్నేహం కాదండి, పిల్లతనం. వయసుకొచ్చేదాకా వీటికి హద్దుల పట్టింపు తక్కువ. వయసొచ్చి జత కుదిరిన రోజు నుంచి లెక్క మారిపోతుంది. 27, 28 డిగ్రీల నీళ్లలో గుడ్లు మూడు రోజుల్లో పొదుగుతాయి. ఇంకో నాలుగైదు రోజులకి పిల్లలు ఈదుతాయి. కొట్లాట తగ్గుతుందేమోనని చూడకండి, అసలు కొట్లాట అప్పుడే మొదలవుతుంది. అప్పటిదాకా కాపలా పెంకుకే. పిల్లలు ఈదడం మొదలెడితే కాపలా ట్యాంకంతా. నెల, నెలన్నర పాటు తల్లీ తండ్రీ ఇద్దరూ వదలవు.

మరి నదుల్లో ఇలా చచ్చేదాకా ఎందుకు కొట్టుకోవు? ఓడినది రంగు వెలిసి, రెక్కలు ముడుచుకుని నాలుగు గజాలు పారిపోతే తగాదా తీరిపోతుంది కాబట్టి. మీ ట్యాంకు మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగుంబావు ఎత్తు అనుకుంటే మొత్తం 106 లీటర్లు. ఎటు పారిపోయినా అద్దమే. ఓడానని ఆస్కార్ ఒప్పుకున్నా గెలిచినదాని కళ్లముందే ఉండాలి. అందుకే తన్నులు ఆగవు. పక్కకి తిరిగి చూపించుకోవడం, రెండు మూడు సెకన్లు నోరూ నోరూ పట్టుకోవడం మామూలే, వదిలేయండి. ఓడిన చేప పైమూలలో నీటిమట్టం దగ్గర నిలబడిపోయినా, మేతకి రాకపోయినా, తోక చీలికలైనా, పొలుసులు లేచినా ఆ రోజే విడదీయాలి. మర్నాటిదాకా ఆగితే తెల్లారేసరికి తేలి ఉంటుంది.

ఇక ఆ నీలం మందు సంగతి. మన దగ్గర ఏ చేప ఏం చేసినా షాపులో చేతికిచ్చేది అదే. మెథిలీన్ బ్లూ బూజుకీ, గుడ్ల తొట్టికీ మంచిదే. కానీ మెయిన్ ట్యాంకులో పోస్తే చేపల వ్యర్థాల నుంచి పుట్టే అమ్మోనియాని తినే, ఫిల్టరు స్పంజిలోని బాక్టీరియా కూడా దెబ్బతింటుంది. అమ్మోనియా పెరిగి మొప్పలు మండితే అప్పటిదాకా ఊరుకున్న చేప కూడా చిరాకుపడుతుంది. పైగా బోరు నీళ్లకి పీహెచ్ 8 దాకా ఉంటే అదే అమ్మోనియా ఇంకా విషం. ప్యారెట్ల నల్లమచ్చలు కూడా చాలాసార్లు బెదురు వల్ల వచ్చేవే. ఒత్తిడి తీసేస్తే కొన్ని వారాల్లో పోతాయి. ప్యారెట్ అసలు ప్రకృతిలో లేని చేప, మనుషులు సంకరం చేసి పుట్టించింది. నోరు సరిగ్గా మూసుకోదు, కాటేయలేదు, అందుకే అందరి చేతా తన్నులు తింటుంది. అది చాలదన్నట్టు తోక కోసి 'హార్ట్ ప్యారెట్' అంటారు, రంగు సూదులు గుచ్చి అమ్ముతారు. అలాంటివి కొనకండి, కొన్నంతకాలం తెస్తూనే ఉంటారు.

ఇవాళ చేయాల్సింది చెప్తాను. ముందు చుక్కల కిట్‌తో అమ్మోనియా చూడండి. సున్నా ఉండాలి. 0.5 కనిపిస్తే 40 శాతం నీళ్లు మార్చండి. కుళాయి నీళ్లయితే క్లోరిన్ తీయాలి. లీటరుకి 1 మిల్లీగ్రాము క్లోరిన్ ఉన్న 100 లీటర్లకి హైపో (సోడియం థయోసల్ఫేట్) పలుకులు ముప్పావు గ్రాము సరిపోతాయి. లేదంటే ఎయిర్ పంపు పెట్టి ఒక రోజు నిలవుంచండి. మందు రంగు పోవడానికి ఫిల్టరులో యాక్టివేటెడ్ కార్బన్ సంచి వేయండి. స్పంజిని కుళాయి కింద కడగొద్దు, తీసిన ట్యాంకు నీళ్లలోనే పిండండి.

తర్వాత అడ్డుగోడ. ట్యూబులైట్ల కింద బిగించే గళ్ల ప్లాస్టిక్ జాలీ తెచ్చి, ట్యాంకు లోపలి వెడల్పు టేపుతో కొలిచి, రెండు మిల్లీమీటర్లు తగ్గించి కోయండి. ఎత్తు మూత దాకా ఉండాలి, లేకపోతే దూకుతాయి. చాలామంది జాలీని గులకరాళ్ల మీద నిలబెడతారు. కన్విక్ట్ రాత్రికి రాత్రి కింద సొరంగం తవ్వేస్తుంది. రాళ్లు పక్కకి తోసి, జాలీ అంచు అడుగు అద్దాన్ని తాకేలా దింపి, మళ్లీ రెండువైపులా రాళ్లు ఎగదోయండి. పైన రబ్బరు సక్షన్ కప్పులు నాలుగు చాలు. పెంకున్న వైపు అడుగు జాగా జతకి, మిగతా రెండడుగులు తక్కినవాటికి. ఫిల్టరు పీల్చే పైపు జత వైపు, నీళ్లు పడేది అవతలి వైపు పెడితే నీళ్లు జాలీ గుండా తిరుగుతాయి. పీల్చే పైపుకి స్పంజి తొడగండి, లేకపోతే పిల్లలు లోపలికి పోతాయి. మొదటి మూడు రోజులు జాలీ కింది సగానికి నల్ల ప్లాస్టిక్ షీటు అడ్డు కట్టండి. ఒకదానికొకటి కనబడకపోతే సగం గొడవ అక్కడే పోతుంది.

మిగతా చేపలన్నీ తీసేసి జతని ఒంటరిగా వదిలేద్దామని చాలామందికి తోస్తుంది. అది ప్రమాదం. తరమడానికి బయటివాడు లేకపోతే మగది ఆడదాని మీదకే తిరుగుతుంది. జాలీ అవతల శత్రువు కనిపిస్తుంటే ఇద్దరూ ఒక్కటిగా ఉంటాయి. అందుకే నల్ల షీటు మూడు రోజులకే అన్నాను. గుడ్లు తీసి పారేసినా లాభం లేదు, రెండు మూడు వారాల్లో మళ్లీ పెడతాయి. హీటరు ఉంటే తీసేయండి. మన జిల్లాల్లో పుష్యమాసం చలి రాత్రులకి తప్ప అది అక్కర్లేదు. 25 డిగ్రీల దగ్గర గుడ్లు పెట్టే తొందర తగ్గుతుంది. ఎండాకాలంలో నీళ్లు 32 దాటితే ఆక్సిజన్ తగ్గుతుంది, చేపకి అసహనం పెరుగుతుంది. మూత తీసి జాలీ కప్పి టేబుల్ ఫ్యాన్ నీటి మీదకి తిప్పితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. ఐసు ముక్కలు వేయకండి.

బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి కొని పెట్టుకోండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు పలాస, సోంపేట వైపు రోజుల తరబడి కరెంటు లేదు. ఫిల్టరు అంతసేపు ఆగితే లోపలి బాక్టీరియా చస్తుంది. కరెంటు వచ్చాక ఆ కుళ్లు నీళ్లు ట్యాంకులోకి వదులుతుంది. అలాంటప్పుడు ముందు స్పంజి పిండి, తర్వాతే స్విచ్ వేయాలి.

నెలన్నర తర్వాత కలపాలంటే లైటు ఆర్పి, రాళ్లూ పెంకులూ అన్నీ చోటు మార్చి, అందరికీ హద్దులు కొత్తయ్యాక, కన్విక్ట్‌లని చివర్న వదలండి. అయితే ఆ పసుపు ఆఫ్రికన్‌ని ఎవరికైనా ఇచ్చేయండి. అది మలావీ సరస్సు చేప, గట్టి నీళ్లూ తన జాతి గుంపూ కావాలి. మగది ఒకటికి ఆడవి మూడో నాలుగో ఉండాలి, లేకపోతే ఒక్క ఆడదాన్నే తరిమి చంపుతుంది.

ఆస్కార్ కూడా ఈ ట్యాంకులో ఇమడదు. 'ట్యాంకుకి తగ్గట్టే పెరుగుతుంది' అని చెప్పి రెండంగుళాల పిల్లని అంటగడతారు. అది అబద్ధం. అడుగు దాకా పెరుగుతుంది. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు, అంటే 255 లీటర్లు, దానికి కనీసం. అది సమకూరేదాకా మందులూ నూనెలూ మోయని 200 లీటర్ల నీలం డ్రమ్ములో, పెద్ద స్పంజి ఫిల్టరుతో, పైన జాలీ కట్టి పెట్టండి. మార్చిన రోజు ఒక పక్కకి ఒరిగి పడుకుంటుంది. అది అలక, ఒకటి రెండు రోజుల్లో లేస్తుంది. మొప్పలు గబగబా కొట్టుకుంటే మాత్రం అలక కాదు, మళ్లీ అమ్మోనియా చూడండి. షాపువాడు వెనక్కి తీసుకోకపోయినా పెద్దచెరువులో మాత్రం వదలకండి. 1952లో మన దేశానికి తెచ్చిన తిలాపియా ఇవాళ ఏ చెరువులో వల వేసినా పడుతోంది.